నూట నాలుగో చింతపిక్క

వాన తర్వాత 199వ రోజు

పాత పుస్తకం నిన్నటితో నిండింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసేవాడి వివరాలు ఉండాలని నియమం. పేరు సుంకన్న. వయసు యాభై ఏడు. చదువు ఏడో తరగతి, ఆ తర్వాత పైన జలాశయం కట్ట మీద నలభై రోజుల శిక్షణ. పని, అడుగూరులో పెట్టె చూపించే అంకెలు చదవడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

పంపు రెండు గంటలు నడిచింది. తాగడానికి గంటన్నర, ఉల్లినారుకు అరగంట. కొండ మీది పాత నీటిగీత నుంచి ఎండ కిందికి దిగి పంపును నడిపే సోలారు పలకలను తాకేసరికి బాగా పొద్దెక్కింది. ఎండిపోయిన జలాశయం అడుగున ఊరు కాబట్టి మాకు ఎండ ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోతుంది.

వన్నూరమ్మ అంకె 0.89. ఆమె మా తమ్ముడి కూతురు. ఆరేళ్ళ వయసు నుంచి నా దగ్గరే పెరిగింది. తొలిచూలు. ఎనిమిదో నెల నడుస్తోంది.

వాన తర్వాత 200వ రోజు

వన్నూరమ్మ అంకె 0.91. కుండలో పిక్కలు మార్చాను.

ఈ పుస్తకం నా తర్వాత వేరేవాళ్ళు చదవొచ్చు కాబట్టి కుండ సంగతి రాస్తున్నాను. గర్భిణి చేతికి కట్టే పట్టీ నుంచి పెట్టెకు కబురు వెళుతుంది. ఇంటి దగ్గరే కాన్పయితే తల్లీ బిడ్డా క్షేమంగా ఉండే అవకాశం ఎంతో పెట్టె లెక్కగట్టి చూపిస్తుంది. శిక్షణలో దాన్ని సంభావ్యత అన్నారు. ఊళ్ళో అంకె అంటారు. 0.91 అని గోడ మీద రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. అందుకే నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన కుండ పెట్టాడు.

కుండలో ఎప్పుడూ నూరు చింతపిక్కలు ఉంటాయి. చేతికి తేడా తెలియకూడదని అన్నింటినీ ఒక పక్క అరగదీశారు. మేలు పిక్కల తెల్లదనం అలాగే ఉంటుంది. కీడు పిక్కలకు మసి పూస్తాం. 0.91 అయితే తెల్లవి తొంభై ఒకటి, మసివి తొమ్మిది. అంకె ఎవరిదో వాళ్ళు రోజూ పొద్దున చూడకుండా ఒకటి తీసి, చూసి, మళ్ళీ వేస్తారు. దానివల్ల జరిగేది ఏమీ లేదు, ఆగేదీ లేదు. తొమ్మిది అంటే ఎంతో చేతికి తెలుస్తుంది, అంతే.

ఈ రోజు తెల్లది తీసింది.

వాన తర్వాత 202వ రోజు

నిన్న 0.90. ఈ రోజు 0.91.

పొద్దుటి నుంచి ఎర్రదుమ్ము. మధ్యాహ్నం తగ్గాక వన్నూరమ్మ మొగుడు ఉరుకుందు పలకలన్నీ ఒక్కడే తుడిచాడు. ఎండ సరిగా లేక పంపు గంట మాత్రమే నడిచింది.

వన్నూరమ్మ ఇంట్లో సామానంతా బూడిదతో తోమింది. చేతి పట్టీ కూడా తీసి, తోమి, తళతళలాడించి మళ్ళీ కట్టుకుంది. వంగి పని చేయొద్దన్నాను.

"దుమ్ము పట్టిందాన్ని ఎట్ల కట్టుకునేది పెదనాయనా? నువ్వే గదా అన్నీ తోమమని నేర్పిచ్చినోడివి."

నేర్పింది నేనే. ఇక్కడ నీళ్ళు తాగడానికి, బూడిద కడగడానికి.

వాన తర్వాత 207వ రోజు

0.96. ఆరు రోజులుగా పెరుగుతోంది.

వన్నూరమ్మ గాజులు బిగుసుకున్నాయి. సబ్బు లేదు. నూనె రాసి రెండు తీశాను, తక్కినవి రాలేదు. కాళ్ళు కొంచెం వాచాయి. మంత్రసాని హనుమక్క వచ్చి చూసి వెళ్ళింది.

"ఉప్పు తగ్గీయమ్మే. ఎడమ పక్కకు పండుకో," అని చెప్పి, వాకిట్లో నాతో వేరుగా అంది: "నీ పెట్టె ఏమంటాది?"

"తొంభై ఆరు."

"ఊఁ. నా చెయ్యి అంత అనదప్పా."

ఆమెకూ నా పెట్టెకూ ఇరవై రెండేళ్ళుగా పడదు. పట్టించుకోలేదు.

వాన తర్వాత 211వ రోజు

1.00. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడని అంకె. మసిపిక్కలన్నీ తీసి సంచిలో వేసి నూరూ తెల్లవే నింపాను. చెయ్యి పెడితే తెల్లదే వస్తుందని తెలిసి కూడా వన్నూరమ్మ పెట్టింది. తెల్లదే వచ్చింది. నవ్వింది.

ఊరి పెద్ద దేవేంద్రప్ప ఇంట్లో దాచిన బెల్లం తెచ్చి అందరికీ చిటికెడు చిటికెడు పంచాడు. ఆయన సంతోషానికి కారణం ఉంది. కట్ట మీది ఆసుపత్రికి వెళ్ళాలంటే కట్ట గోడ వెంట తీగ మీద పైకి లాగే ఎక్కుడు బుట్ట ఒకటే దారి. కట్ట లోపలి మెట్లు ఆరు వందల పది, సగం ఊడిపోయాయి, నిండు గర్భిణి ఎక్కలేదు. బుట్ట ఒకసారి పైకెక్కాలంటే బ్యాటరీలు నాలుగు రోజులు నిండాలి. ఆ నాలుగు రోజులూ పంపు ఆగాలి, తాగడానికి బిందెల్లో పట్టి ఉంచిన నీళ్ళే. అంకె 0.85 కన్నా తగ్గితేనే బుట్ట అని ఊరి కట్టుబాటు. ఉల్లినారు ఇప్పుడే తలెత్తింది. నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే పోతుంది. మళ్ళీ వేయడానికి విత్తనం లేదు.

"బుట్ట మాటే లేదింక. నూటికి నూరు! బంగారు బిడ్డవమ్మా నువ్వు," అన్నాడు దేవేంద్రప్ప.

వన్నూరమ్మకు పొద్దుటి నుంచి తలనొప్పి. బెల్లం తినలేదు. నాకు ఇచ్చింది.

వాన తర్వాత 212వ రోజు

పెట్టె తెరమీద రెండు వరుసలుంటాయి. పైన మేలు, కింద కీడు. రెండూ కలిపితే ఒకటి రావాలి.

ఈ రోజు పైన 1.01. కింద 0.01, దాని ముందు ఒక చిన్న గీత. దుమ్ము అనుకుని వేలితో తుడిచాను. పోలేదు. బట్టతో తుడిచాను. పోలేదు.

గోడ మీద 1.01 అని రాశాను. దేవేంద్రప్ప చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నూటికి నూటొకటా! మన ఊర్లో ఎవరికన్నా వచ్చినాదా?"

"బళ్ళో మార్కులప్పా ఇవి? మెచ్చుకోని ఒకటి ఎక్కువేసేదానికి?" అంది హనుమక్క.

"నీకు కుళ్ళు. అంకె బాగుంటే నీ మాటకు విలువ తగ్గుతాది. సుంకన్నా, ఇంగో పిక్క అరగదీసి వెయ్యి."

అరగదీశాను. వేశాను. ముసలాయన పెట్టిన నాటి నుంచి ఆ కుండలో నూటొకటి ఎన్నడూ లేవు. అది నా చేత్తోనే జరిగింది కాబట్టి రాసి పెడుతున్నాను.

వాన తర్వాత 213వ రోజు

1.02. ఇంకో పిక్క.

వన్నూరమ్మ నీళ్ళ బిందె దగ్గర నిలబడి కళ్ళు నలుముకుంటోంది. ఏమైందంటే మిణుగురు పురుగుల మాదిరి కనిపిస్తున్నాయంది. పగలు మిణుగురులేమిటన్నాను. తనకూ తెలియదంది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

ఉరుకుందు దిగాలుగా ఉన్నాడు. "అంకె మంచిగుండాది గదా మామా," అని మూడుసార్లు అడిగాడు. మంచిగానే ఉందని మూడుసార్లూ చెప్పాను.

వాన తర్వాత 215వ రోజు

1.04.

పొద్దున కుండ తెచ్చి వన్నూరమ్మ ముందు పెట్టాను. ఆమె చెయ్యి పెట్టలేదు. పిక్కలన్నీ చాప మీద కుమ్మరించి పదేసి చొప్పున పేర్చడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు లెక్కలు అలాగే నేర్పాను. పది కుప్పలయ్యాయి. నాలుగు పిక్కలు మిగిలాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"పెదనాయనా, తొంభై అంటే ఏమని చెప్తివి నువ్వు నాకు?"

"నీ మాదిరి నూరుమంది ఆడోళ్ళు ఉంటే, తొంభైమంది బాగుంటారు."

"నూరు అంటే?"

"అందరూ బాగుంటారు."

"నూట నాలుగంటే?"

ఆమె అరచేతిలోని నాలుగు పిక్కల వైపు చూశాను.

"నూరుమందిమే గదా పోయింది కాన్పుకి. ఈ నలుగురు ఎవరు?"

అడిగి నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఉండలేదు. ముఖం బాగా ఉబ్బి ఉంది. పిక్కలు నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి పడుకుంది.

శిక్షణ పుస్తకం అటక మీద ఉంది. దింపాను. మూడో పేజీలోనే ఉంది: సంభావ్యత సున్నా కన్నా తక్కువ కాదు, ఒకటి కన్నా ఎక్కువ కాదు. కింద నేను గీసిన పెన్సిల్ గీత. ఇరవై రెండేళ్ళ కిందట పరీక్షలో ఇది గట్టిగా ఒప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. సున్నా అంటే జరగనే జరగదు. ఒకటి అంటే జరిగి తీరుతుంది. జరిగి తీరేదాని కన్నా ఎక్కువగా ఏం జరుగుతుంది? నూరులో అందరూ బాగున్నాక బాగుండడానికి ఇంకెవరున్నారు?

ఒప్పజెప్పాను గానీ నాలుగు రోజులుగా 1.01, 1.02 అని గోడ మీద రాస్తూ కూడా గుర్తు రాలేదు. మంచి అంకె కదా. చెడ్డ అంకె అయి ఉంటే మొదటి రోజే అటక ఎక్కేవాణ్ణి.

వాన తర్వాత 216వ రోజు

1.05. గోడ మీద రాయలేదు.

తెల్లవారగానే ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను, ఇందులో రాయని రోజులవి గోడ మీద చూసుకున్నాను. 199 నుంచి 202 దాకా అంకె ఊగింది. 0.89, 0.91, 0.90, 0.91. మనిషి ఒంటికి ఉండవలసిన తీరు అదే. 203 నుంచి చూస్తే 0.92, 0.93, 0.94. రోజుకు సరిగ్గా ఒకటి చొప్పున. కాళ్ళు వాచిన రోజు ఒకటి. తలనొప్పి వచ్చిన రోజు ఒకటి. కళ్ళ ముందు మిణుగురులు తిరిగిన రోజు ఒకటి. పెట్టె ఆమెను చూడడం లేదు. చివరిసారి చూసినప్పుడు అంకె ఒక మెట్టు ఎక్కుతూ ఉంది. అక్కణ్ణుంచి చూపు లేకుండా మెట్లు ఎక్కుతూనే పోయింది. ఒకటి దగ్గర ఆగాలని కూడా దానికి తెలియదు.

202న ఏం జరిగిందో నేనే రాసి పెట్టాను. పట్టీని బూడిదతో తోమింది.

వెళ్ళి ఆమె చేతి పట్టీ విప్పి ఎండలో చూశాను. లోపలి పక్క కందిగింజంత అద్దం ఉంటుంది. అది గీతలు పడి పాలలాగా తెల్లబారింది.

ఇంకొకటి రాయాలి. పెట్టె పక్కన పసుపు దీపం ఒకటి ఉంటుంది. పట్టీ కబురు అందకపోతే వెలుగుతుంది. ప్రతి దుమ్ముకీ వెలిగి జనాన్ని హడలగొడుతోందని ఐదేళ్ళ కిందట నేనే దాని మీద సున్నం పూశాను. గోటితో గీకాను. వెలుగుతోంది. పద్నాలుగు రోజులుగా వెలుగుతూనే ఉండాలి. తప్పు నాది. వన్నూరమ్మది కాదు.

దేవేంద్రప్పను, హనుమక్కను పిలిపించాను. ఉరుకుందు పిలవకుండానే వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పంపు ఆపమన్నాను.

"ఇప్పుడా? నారు జానెడు కూడా కాలేదు సుంకన్నా. సరే, పెట్టె తప్పంటాండావు. ఒప్పుకుంటా. అయితే అసలు అంకె ఎంత?"

"తెల్దు."

"తెల్దంటే ఎట్ల?"

"సున్నా నుంచి ఒకటి దాకా ఏదైనా కావచ్చు."

"అంటే తొంభైయే ఉండొచ్చు గదా?"

"ఉండొచ్చు."

"నూటికి నూటైదని చెప్పేటప్పుడు తప్పు గానీ, తొంభై రెండు, తొంభై మూడు అన్నప్పుడు పెట్టె బాగానే ఉండె గదా? అదే అనుకుందాం. తొంభై మూడు."

ఈ మాట దగ్గర నేను కూడా పొద్దున కాసేపు ఆగాను. ఆశ అక్కడే పట్టుకుంటుంది.

"లేదప్పా. తొంభై రెండు అన్న పొద్దే దానికి చూపు పోయింది. తొంభై రెండు కుండలో పడతాది కాబట్టి మనకు అనుమానం రాలేదు. నూటొకటి పట్టలేదు కాబట్టి వచ్చింది. రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన అబద్ధాలే."

దేవేంద్రప్ప కుండ దగ్గరికి లాక్కున్నాడు. పిక్కల్లో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. ఒక్క మసిపిక్క కోసం వెతికాడనుకుంటాను. లేదు.

హనుమక్క లేచి వెళ్ళి వన్నూరమ్మను నడిపించుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టింది. పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. మేము నలుగురం చూస్తూ ఉన్నాం. గుంట పూడలేదు.

"నా దగ్గర అంకె లేదు దేవేంద్రన్నా," అంది హనుమక్క. "ఇది ఉండాది. చూసుకో."

"నారు పోతే ఊరంతా ఉల్లిగడ్డ మొకం చూడదు పెద్దప్పా. నాకోసరం ఆపొద్దు," అంది వన్నూరమ్మ దేవేంద్రప్పతో.

ఉరుకుందు ఆమె వైపు తిరిగి, "నోరు మూసుకో," అన్నాడు. పెళ్ళైనాక అతను ఆమెను గట్టిగా అనడం అదే మొదటిసారి అనుకుంటాను. అని ఏడ్చాడు.

దేవేంద్రప్ప ఒక్కడే పంపు గదికి వెళ్ళాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. తిరిగొస్తూ వాకిట్లో నిలబడి, "నా తాగే నీళ్ళల్లో సగం నారుకి పోస్తా. చెంబుతో పోస్తే ఒక మడన్నా బతకదా ఏంది," అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు.

కట్ట మీది ఆసుపత్రికి తీగఫోనులో చెప్పాను. బుట్ట 220న.

వాన తర్వాత 217వ రోజు

ఊళ్ళో పట్టీ ఇంకొకటి లేదని అందరూ అనుకుంటారు. ఉంది. నా ట్రంకు పెట్టెలో, పాత తుండుగుడ్డలో చుట్టి ఉంది. నా భార్య నింగమ్మది. వాడకం అయిపోయాక పట్టీని కట్ట మీద అప్పజెప్పాలని నియమం. పంతొమ్మిదేళ్ళుగా అప్పజెప్పలేదు.

ఆమె అంకె 0.94. పట్టీ బాగుంది, పెట్టె బాగుంది, లెక్క సరైనది. కుండలో ఆరు మసిపిక్కలున్నాయి. ఆ ఆరింటిలో ఒకటి మాది అయింది. అంకె అబద్ధం చెప్పిందని అప్పుడు చాలామంది అన్నారు. నేను అనలేదు. ఆరు ఉన్నాయని నాకు తెలుసు. నేనే లెక్కపెట్టి వేశాను.

నిన్న సాయంత్రం ఆ పట్టీని వన్నూరమ్మకు కట్టాను. ఆమె ఎవరిదని అడగలేదు. కాసేపటికి, "పెద్దమ్మకు గూడా ఈ రంధ్రం కాడికే సరిపోయినట్లుండాదే," అంది. తోలు మీద మడత పడిన చోటు చూసింది. అవునన్నాను.

ఒక పగలూ రాత్రీ గడిస్తే గానీ పెట్టె అంకె చూపించదు. ఈ సాయంత్రం చూపించింది. మేలు 0.63. కీడు 0.37. దీపం ఆరిపోయింది.

రెండూ కూడి చూశాను. ఒకటి వచ్చింది.

అరవై మూడు చూసి సంతోషపడ్డానని రాస్తే చదివేవాళ్ళకు వింతగా ఉంటుంది. సంతోషం కాదు. చాలా రోజుల తర్వాత ఎవరో ఇంటికొచ్చి ఉన్నమాట చెప్పినట్టు అనిపించింది. కుండ కడిగి ఆరబెట్టి, తెల్లవి అరవై మూడు, మసివి ముప్పై ఏడు వేశాను. నూరుకు సరిపోయాయి.

దేవేంద్రప్ప గోడ మీది అంకె చూసి చాలాసేపు నిలబడ్డాడు. నారు మాట ఎత్తలేదు.

వాన తర్వాత 219వ రోజు

0.63. నిన్న 0.62. ఊగుతోంది.

బ్యాటరీలు మూడు వంతులు నిండాయి. ఉరుకుందు పలకలను రోజుకు మూడుసార్లు తుడుస్తున్నాడు. అంత అవసరం లేదు. వద్దని చెప్పలేదు.

నారులో నాలుగు మడులు వాలిపోయాయి. దేవేంద్రప్ప పోసే మడి నిలబడే ఉంది. ఈ రోజు ఇంకో ముగ్గురు చెంబులతో వెళ్ళడం చూశాను. హనుమక్క కూడా వెళ్ళింది. "ఆయప్ప పోస్తే వేరు కదిలిపోతాది, నాలుగు చుక్కలు పొయ్యడం గూడా రాదు," అని తిడుతూ పోసింది.

వన్నూరమ్మ చీకటి గదిలో ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. పొద్దున తెల్లపిక్క తీసింది. చూసి, "ఇప్పుడు తెల్లదొస్తే సంతోషంగుండాది పెదనాయనా. అన్నీ తెల్లవే ఉన్నప్పుడు ఏమీ అనిపీలేదు," అంది.

వాన తర్వాత 220వ రోజు

0.61. తెల్లవి రెండు తీసి, మసివి రెండు వేశాను.

ఎండ నీటిగీత దాటగానే బుట్ట దగ్గరికి వెళ్ళాం. ఊరంతా వచ్చింది. బుట్టలో వన్నూరమ్మ, ఉరుకుందు, హనుమక్క. నాలుగో మనిషికి బరువు సరిపోదు. కింద బుట్టను నడిపే కర్ర తిప్పడానికి నేను కావాలి.

హనుమక్క ఎన్నడూ బుట్ట ఎక్కలేదు. ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకుని, "సుంకన్నా, ఇది తెగే అంకె ఎంతప్పా?" అంది.

"చాలా తక్కువ."

"సున్నానా?"

"సున్నా కాదు."

"అబద్ధం చెప్పేదానికి గూడా రాదే నీకు," అంది. జనం నవ్వారు. వన్నూరమ్మ కూడా నవ్వింది.

కుండ తెచ్చి ఆమె ముందు పెట్టాను. చెయ్యి పెట్టింది. పిడికిలి బయటికి తీసి, తనవైపు మాత్రం తెరిచి చూసుకుంది.

"ఏదొచ్చింది?"

"తెల్లదే లే. పోనీ పెదనాయనా, ఎండ పోతాది." చెయ్యి మళ్ళీ కుండలో పెట్టి తీసింది.

బుట్ట లేచింది. కట్ట గోడ వెంట అరగంట ఎక్కింది. పైన చిన్నదై, గోడ అంచు దాటి కనపడకుండా పోయింది. తీగఫోనులో చేరామని ఉరుకుందు చెప్పాడు.

ఇంటికొచ్చి పిక్కలు లెక్కపెట్టాను. రోజూ లెక్కపెట్టడం నా పని. తొంభై తొమ్మిది ఉన్నాయి. తెల్లవి అరవై ఒకటి. మసివి ముప్పై ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

వాన తర్వాత 221వ రోజు

పంపు మళ్ళీ నడిచింది. ఐదు మడుల్లో నారు నిలబడింది. ఏడు మడులు పోయాయి.

తీగఫోను మోగలేదు. గది ఊడ్చాను. పెట్టె తుడిచాను. పసుపు దీపం మీద మిగిలిన సున్నం తడిగుడ్డతో పూర్తిగా తీశాను. అంతదూరం నుంచి పట్టీ కబురు అందదు కాబట్టి దీపం వెలుగుతూ ఉంది. తెర ఖాళీగా ఉంది. దాని ముందు కూర్చున్నాను.

నాకు కన్నబిడ్డలు లేరు. ఇది ఈ పుస్తకంలో రాయవలసిన విషయం కాదు.

సాయంత్రం ఫోను మోగింది. హనుమక్క.

"ఆడబిడ్డ. కోసి తీసినారు. ఇద్దరూ ఉండారు." తర్వాత అంది: "ఇంటికాడ నా చేతిలో అయ్యేది కాదు సుంకన్నా ఇది. చెప్తాండా. నా చేతిలో అయ్యేది కాదు."

సరే అన్నాను. ఇంకేమన్నానో గుర్తు లేదు.

వాన తర్వాత 243వ రోజు

ఈసారి బుట్ట కోసం పంపు ఆపడానికి దేవేంద్రప్పను అడగవలసిన అవసరం రాలేదు. నారు నాటేశారు. బ్యాటరీలు ఆయనే నింపించాడు.

ఎండ పలకల మీదికి దిగగానే వచ్చారు. బిడ్డ రెండు చేతుల్లో సరిపోయేంత ఉంది. దేవేంద్రప్ప బెల్లం తెచ్చాడు. వన్నూరమ్మ ఈసారి తిన్నది. ముఖం వాపు దిగిపోయి చిన్నప్పటి ముఖం వచ్చింది. హనుమక్క కట్ట మీది ఆసుపత్రిలో ఎవరెవరికి పని రాదో అందరికీ వివరంగా చెప్పింది.

జనం వెళ్ళాక వన్నూరమ్మ బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. చేతి పట్టీ విప్పి, తుండుగుడ్డ అడిగి తీసుకుని చుట్టి ఇచ్చింది. తోమలేదంది. తర్వాత కొంగు ముడి విప్పి మసిపిక్క తీసింది.

"ఆ పొద్దు ఇది వచ్చింది పెదనాయనా. నీతో తెల్లదని చెప్పినా. నువ్వు కింద ఒక్కడివే ఉంటావని."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"లెక్కపెట్టినా."

బిడ్డ నా వేలు పట్టుకుని నిద్రపోయింది. వన్నూరమ్మ కొంగుతో పిక్క మీది మసి తుడవబోయింది. వద్దన్నాను.

"ఇది వచ్చినా గూడా నేను బతికితి గదా. ఇంకేల దీనికి మసి?"

"నీ తర్వాత వచ్చేదానికి ఎన్ని ఉండాయో అన్నీ కనపడాల."

ఆమె ఆలోచించి, పిక్కను నా చేతికిచ్చింది. కొంగు వెచ్చదనం ఇంకా ఉంది. బిడ్డ లేవకుండా ఒక చేత్తో కుండ దగ్గరికి జరుపుకుని అందులో వేశాను.

లెక్క చూశాం, ఆమె పదేసి పేరుస్తుంటే నేను పైకి చెబుతూ. నూరు.

పంపు రెండు గంటల పది నిమిషాలు నడిచింది.